ముట్లుడిగే వయసు, బొక్కల బలం, మారే ఒళ్లు: ఉత్తర తెలంగాణ వైపు నుంచి ఒక సమీక్ష

ముట్లు ఆగిపోయాక ఎముకలు గుల్లబారతాయన్న సంగతిలో ఇప్పుడు వివాదం లేదు. ఆ నష్టం ఎప్పుడు మొదలవుతుంది, ఎవరిలో ఎంత ఉంటుంది, దానికి మూలం హార్మోనా, తిండా, చేసే పనా అన్న దగ్గరే తగువు. ఎనభై ఏళ్లకు పైగా సాగుతున్న ఈ చర్చ ఎక్కువగా అమెరికా, ఐరోపా స్త్రీల ఒళ్లను కొలిచి నడిచింది. వాటిలో తేలిన అంకెలనే మన డాక్టర్లు, ఆరోగ్య శిబిరాలు, పత్రికల ఆరోగ్య పేజీలు కూడా వాడుతున్నాయి.

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల ఆడవాళ్లకు ఆ అంకెలు ఎంతవరకు వర్తిస్తాయి? సిరిసిల్ల, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ ఇళ్లలో ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టేవారు, వరి నాట్లకూ పత్తి ఏరడానికీ పోయే కూలీలు, ఉట్నూరు, జైనూరు గూడేల గోండు, కొలాం స్త్రీలు, పట్నాల్లో పెరిగిన మధ్యతరగతి గృహిణులు అందరూ ఈ ప్రశ్నలో భాగమే. వాదాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచేది ఇది: పాశ్చాత్య అధ్యయనాలు గీసిన నష్టరేఖ తప్పు కాదు, కానీ ఇక్కడ అది రెండు చోట్ల మారుతుంది. మన స్త్రీలు ఆ వయసుకు చేరేసరికే ఎముకల్లో నిల్వ తక్కువ. ఆ వయసు కూడా చాలామందికి ముందే, అదీ కత్తితో వస్తోంది.

హార్మోన్ వాదం: ఆల్‌బ్రైట్ నుంచి స్వాన్ దాకా

1940 ప్రాంతంలో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి వైద్యుడు ఫుల్లర్ ఆల్‌బ్రైట్, వెన్నుపూసలు కుంగిపోయి వచ్చే స్త్రీలలో ఎక్కువమంది ముట్లుడిగినవాళ్లేనని గమనించి, కారణం ఈస్ట్రోజన్ తగ్గడమేనన్నాడు. ఎముక జీవితాంతం తవ్వకం, పూడిక జరుగుతుండే కణజాలం. పాత ఎముకను కరిగించే కణాలు ఒకవైపు, కొత్తది నింపే కణాలు మరోవైపు పనిచేస్తుంటాయి. ఈస్ట్రోజన్ ఉన్నంతకాలం తవ్వే కణాలకు అదుపు ఉంటుంది. అది తగ్గితే తవ్వకం వేగం పెరుగుతుంది, పూడిక వెనకబడుతుంది. వెన్నుపూసల లోపలి జాలీ లాంటి భాగానికే ముందు దెబ్బ తగలడానికి కారణం, అక్కడ ఈ మార్పిడి జరిగే ఉపరితలం ఎక్కువ కావడం.

1980లలో మేయో క్లినిక్‌కు చెందిన రిగ్స్, మెల్టన్ ఎముకల గుల్లతనాన్ని రెండు రకాలుగా విడదీశారు. ముట్లుడిగిన వెంటనే వచ్చేది ఒకటి, ముసలితనంలో స్త్రీ పురుషులిద్దరికీ వచ్చేది రెండోది. 1998 నాటికి రిగ్స్ బృందమే ఆ గీత చెరిపేసి, రెండింటి వెనుకా ఈస్ట్రోజన్ లోటే ఉందని రాసింది. విడదీసినవాళ్లే మళ్లీ కలపడం ఈ రంగం ఎంత కదులుతోందో చెబుతుంది.

కాలాన్ని కచ్చితంగా కొలిచింది స్వాన్ అధ్యయనం. 1996లో అమెరికాలో మొదలై మూడు వేలకు పైగా స్త్రీలను ఏటేటా పరీక్షించింది. గ్రీన్‌డేల్ బృందం 2012లో ప్రచురించిన ఫలితం ప్రకారం ఎముక నష్టం చివరి ముట్టుకు సుమారు ఏడాది ముందే జోరందుకుంటుంది, ఆ తర్వాత రెండేళ్ల దాకా అదే వేగంతో సాగి నెమ్మదిస్తుంది. పదేళ్లలో మొత్తం నష్టం వెన్నులో 10.6 శాతం, తుంటి మెడ దగ్గర 9.1 శాతం. అందులో పెద్ద వాటా ఆ మూడేళ్లదే. ముట్లు పూర్తిగా ఆగి ఏళ్లు గడిచాక పరీక్షకు వచ్చే స్త్రీకి అసలు నష్టం అప్పటికే జరిగిపోయి ఉంటుందన్నమాట. స్వాన్‌లో తెల్ల, నల్లజాతి, హిస్పానిక్, చైనా, జపాన్ మూలాల స్త్రీలు ఉన్నారు. భారతీయ స్త్రీలకు ప్రత్యేక విభాగం లేదు.

ఈ వాదంలోనే ఒక చీలిక ఉంది. భారత మూలాలున్న న్యూయార్క్ శాస్త్రవేత్త మోనె జైదీ బృందం 2006లో, ఈస్ట్రోజన్ తగ్గడమే కాదు, అండాశయాలను ఉసిగొల్పే పిట్యూటరీ హార్మోన్ ఎఫ్‌ఎస్‌హెచ్ పెరగడం కూడా నేరుగా ఎముకను తింటుందని ప్రతిపాదించింది. 2017లో అదే బృందం, ఎలుకల్లో ఆ హార్మోన్‌ను అడ్డుకుంటే కొవ్వు తగ్గిందని చూపింది. ముట్లు పూర్తిగా ఆగకముందే నష్టం ఎందుకు మొదలవుతుందన్న ప్రశ్నకు ఇది ఆకర్షణీయమైన జవాబే. మనుషుల్లో రుజువు కావడానికి ఇంకా చాలా దూరముంది.

బరువు కాదు, ఒంటి కూర్పు

ముట్లుడిగితే ఒళ్లొస్తుందని అందరూ అంటారు. స్వాన్ చెప్పింది వేరు. 2019లో వచ్చిన విశ్లేషణలో, ఈ మార్పు దశ మొదలవగానే కొవ్వు చేరే వేగం రెట్టింపైంది, అదే సమయంలో కండ తగ్గడం మొదలైంది. చివరి ముట్టు తర్వాత రెండేళ్ల దాకా ఇదే వరస, ఆపై రెండూ నిలకడ. తూకం యంత్రం మీద బరువు మాత్రం అంతకు ముందున్న వేగంతోనే పెరిగింది, కొత్తగా ఎగబాకలేదు. పైకి కనిపించే కిలోల వెనుక లోపల కొవ్వు, కండ స్థానాలు మారిపోతున్నాయి. కొవ్వు తొడల నుంచి నడుముకూ కడుపు లోపలికీ చేరడం కూడా ఈ వయసు లక్షణమే.

మన దగ్గర దీనికి మరో పొర ఉంది. పైకి సన్నగా ఉండి లోపల కొవ్వు ఎక్కువగా ఉండే భారతీయ శరీర లక్షణాన్ని పుణె వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్‌కిన్ 2004లో తమ ఇద్దరి చిత్రాలతోనే లోకానికి చూపారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, కొవ్వు శాతం మాత్రం యాజ్ఞిక్‌లో రెట్టింపుకు పైనే. అందుకే మన స్త్రీలకు నడుం చుట్టుకొలత హద్దును 80 సెంటీమీటర్లుగా పెట్టారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల స్త్రీలలో 18.8 శాతం ఉండాల్సిన దానికన్నా బక్కగా, 30.1 శాతం అధిక బరువుతో ఉన్నారు. ఒకే జిల్లాలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో, రెండు రకాలూ కనిపిస్తాయి.

లావుగా ఉంటే ఎముకకు మంచిదా? పాత జవాబు అవును. కొవ్వు కణజాలం కొంత ఈస్ట్రోజన్ తయారుచేస్తుంది, బరువు మోసే ఎముక గట్టిపడుతుంది, స్వాన్‌లోనూ బరువైన స్త్రీలలో నష్టం నెమ్మదిగా సాగింది. కొత్త జవాబు అంత తేలిక కాదు. కడుపులో చేరే కొవ్వు వాపు రసాయనాలను వదులుతుంది, మూలుగలో కొవ్వు పెరిగేకొద్దీ ఎముక నింపే కణాలకు చోటు తగ్గుతుంది. కండ తగ్గిన స్త్రీ తూలి పడే అవకాశం కూడా ఎక్కువ. విరిగే దాకా తీసుకెళ్లేది ఎముక పలచన ఒక్కటే కాదు, పడిపోవడం కూడా. నా అంచనాలో ఈ మొత్తం చర్చలో అందరికన్నా తక్కువ పట్టించుకున్నది కండనే.

హైదరాబాద్ వాదం: ఖాళీ కడుపు, ఖాళీ ఎముక

హార్మోన్ వాదానికి బలమైన ఎదురు ప్రశ్న మన రాష్ట్రం నుంచే వచ్చింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ వీణా శత్రుఘ్న ఆడవాళ్ల నడుం నొప్పి మీద 1990లోనే రాశారు. ఆమె బృందం 2005లో ప్రచురించిన అధ్యయనం హైదరాబాద్‌లోని పేద కుటుంబాల స్త్రీలు, 30–60 ఏళ్లవాళ్లు 289 మందిపై జరిగింది. వాళ్ల రోజువారీ తిండిలో కాల్షియం సగటున 270 మిల్లీగ్రాములు. తుంటి మెడ దగ్గర 29 శాతం మందికి ఎముకల గుల్లతనం, మరో 52 శాతం మందికి దాని ముందు దశ. ముట్లు ఆగని వాళ్లలోనూ ఎముక పలచగా ఉందంటే ఈస్ట్రోజన్ ఒక్కదాన్నే నిందించలేం.

ఈ వాదం ప్రకారం ఎముక పొదుపు ఇరవైల చివరి దాకా పెరుగుతుంది, ఆ తర్వాత అంతా ఖర్చే. ఎదిగే వయసులో తిండి చాలక, ఎముక గట్టిపడక ముందే పెళ్లి, కాన్పులు, పాలివ్వడం మీద పడితే పొదుపు చిన్నదిగానే ఉండిపోతుంది. తెలంగాణలో 20–24 ఏళ్ల స్త్రీలలో 23.5 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయిందని అదే కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత చెప్పింది. పది శాతం నష్టం నిండు ఎముక నుంచి పోవడం ఒకటి, అరకొర ఎముక నుంచి పోవడం మరొకటి.

ఉత్తర తెలంగాణకు మరింత దగ్గరగా వచ్చే పరిశోధన 2008 నాటిది. జాతీయ పోషకాహార సంస్థే బీడీలు చుట్టేవారు, ఊడ్చే పనివారు, భవన నిర్మాణ కూలీలు అనే మూడు వర్గాల పేద స్త్రీల ఎముకలను పోల్చింది. పనిలో అంత తేడా ఉన్నా తుంటి ఎముక సాంద్రతలో తేడా కనిపించలేదు. నిర్మాణ కూలీల వెన్ను మాత్రం కొంత మెరుగు. తలమీద ఇటుకలు, తట్టలు మోయడమే కారణం కావచ్చని పరిశోధకులు భావించారు. శ్రమ ఎముకను గట్టిపరుస్తుందన్న సూత్రం నిజమే, కానీ దానికి ముడిసరుకు కావాలి. కాల్షియం లేని ఒంటికి ఎంత బరువు మోసినా ఫలం పరిమితం. కూలిపని చేసే స్త్రీకి వ్యాయామం ఇంకేం అక్కర్లేదనే మాట, బీడీలు చుట్టే స్త్రీకి కదలిక లేకపోవడమే జబ్బు అనే మాట, రెండూ సగం సగం నిజాలని ఈ పోలిక తేల్చింది.

ఎండ సంగతి కూడా అంతే. తిరుపతిలో హరినారాయణ్ బృందం 2005లో ప్రచురించిన అధ్యయనంలో ముట్లుడిగిన స్త్రీలలో 82 శాతం మందికి విటమిన్ డి చాలినంత లేదు. పల్లెల్లో ఎండన పనిచేసేవారిలో పట్నంవారికన్నా ఎక్కువే ఉన్నా, చాలామందికి సరిపోలేదు. దీనికి తిండి కూడా ఒక కారణం: గింజల్లోని ఫైటేట్లనే పదార్థాలు కాల్షియాన్ని పట్టుకుని వదలవు. కాల్షియం తక్కువైన ఒంట్లో విటమిన్ డి త్వరగా ఖర్చయిపోతుంది.

ముట్లు ఆగడం కాదు, ఆపించడం

ఈ ప్రాంతపు చర్చకు గుండెకాయ ఇక్కడుంది. ఇండియన్ మెనోపాజ్ సొసైటీ దేశవ్యాప్త సర్వేలో సహజంగా ముట్లుడిగే సగటు వయసు 46.2 ఏళ్లుగా తేలింది, పాశ్చాత్య దేశాల్లో అది సుమారు 51. ఆ తేడాయే పెద్దది. దానికి తోడు గర్భసంచి ఆపరేషన్లు. 2015–16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడతలో 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. ఐదో సర్వేలో దేశం 3.3, ఆంధ్రప్రదేశ్ 8.7, తెలంగాణ 8.2. రెండు తెలుగు రాష్ట్రాలు దేశంలో ముందు వరసలోనే ఉన్నాయి. నాలుగో సర్వే ప్రకారం దేశంలో ఆపరేషన్ నాటి మధ్యస్థ వయసు 34 ఏళ్లు, మూడింట రెండు వంతుల ఆపరేషన్లు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగాయి, సగానికి పైగా స్త్రీలు చెప్పిన కారణం అధిక రక్తస్రావం.

ఆపరేషన్‌ను సమర్థించే వైద్యులకూ వాదన ఉంది. రక్తం పోయి పోయి కూలికి పోలేని స్త్రీకి, నెలనెలా పట్నం రాలేని స్త్రీకి, ఒక్కసారి తీసేయడమే విముక్తి అంటారు. క్యాన్సర్ భయం, పిల్లలు చాలనుకున్నాక గర్భసంచితో పనేమిటన్న నమ్మకం స్త్రీల వైపు నుంచి కూడా ఒత్తిడి తెస్తాయి. ఎదుటి పక్షం, మందులతో తగ్గే జబ్బులకు కత్తి వాడుతున్నారని అంటుంది. రాజస్థాన్, బీహార్, ఛత్తీస్‌గఢ్‌లలో అనవసర ఆపరేషన్లపై డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో, కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను రాష్ట్రాలు అమలు చేయాలని ఆదేశించింది.

ఈ తగువులో ఎముక మాట చాలా అరుదుగా వినిపిస్తుంది. గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేస్తే ఈస్ట్రోజన్ కొద్ది రోజుల్లోనే పడిపోతుంది. సహజ మార్పులో ఏళ్లు పట్టే పతనం ఇది. అండాశయాలు వదిలేసినా పూర్తి రక్షణ లేదు. 2005లో ఫార్కర్ బృందం చూపిన ప్రకారం అలాంటి స్త్రీలకు కూడా అండాశయాలు సగటున 3.7 ఏళ్లు ముందే ఆగిపోయాయి. గర్భసంచి లేని స్త్రీకి ముట్టు గుర్తు ఉండదు కాబట్టి, ఎప్పుడు ఆగాయో ఆమెకే తెలియదు. స్వాన్ చెప్పిన ఆ కీలకమైన మూడేళ్లు ఆమె జీవితంలో ఎప్పుడు వచ్చిపోయాయో ఎవరూ చెప్పలేరు. ఇంటింటి సర్వేలు గర్భసంచి తీశారా అని అడుగుతాయి, అండాశయాలు ఉన్నాయా అని అడగవు. ఆపరేషన్ కాగితాల్లో ఆ ఒక్క వాక్యం స్పష్టంగా రాసి స్త్రీ చేతికి ఇస్తే చాలు, పదేళ్ల తర్వాత ఆమెను చూసే డాక్టర్‌కు దారి దొరుకుతుంది.

కొలతల తగువు

1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎముక సాంద్రత యువతుల సగటుకు ఎంత దూరంలో ఉందో చెప్పే టీ స్కోరు మైనస్ 2.5 లేదా అంతకన్నా తక్కువైతే గుల్లతనమని నిర్ణయించింది. ఆ ప్రమాణం తెల్లజాతి యువతుల ఎముక. ఈ సాంద్రతను కొలిచే డెక్సా యంత్రం ఎముక వైశాల్యాన్నే చూస్తుంది, లోతును చూడదు, అందుకే చిన్న ఎముకలున్న పొట్టి స్త్రీలలో సాంద్రతను తక్కువ చేసి చూపుతుంది. భారత వైద్య పరిశోధన మండలి 2010లో మన యువతీ యువకుల సొంత ప్రమాణాలు ప్రకటించింది. వాటితో కొలిస్తే రోగుల సంఖ్య తగ్గుతుంది. ఒక పక్షం దీన్ని న్యాయమంటుంది. మరో పక్షం, తిండి లేక బలహీనపడిన ఎముకనే సాధారణమని ఒప్పుకోవడం అవుతుందంటుంది. రెండో పక్షం అనుమానం నాకు సబబుగా తోస్తుంది. చిన్న పట్నాల్లో ఉచిత శిబిరాల్లో మడమకు పెట్టే అల్ట్రాసౌండ్ యంత్రం మాత్రం ఈ ప్రమాణంతో రోగ నిర్ధారణకు పనికిరాదు, అనుమానం తెలపడానికే.

తెలంగాణలో మరో చిక్కు ఫ్లోరైడ్. నల్లగొండ పేరు అందరికీ తెలుసు. నిర్మల్ ప్రాంత భూగర్భ జలాల్లోనూ పరిశోధకులు ఫ్లోరైడ్‌ను గుర్తించారు. ఫ్లోరైడ్ చేరిన ఎముక డెక్సాలో దట్టంగా కనిపిస్తుంది, నిజానికి పెళుసుగా ఉంటుంది. 1990లో రిగ్స్ బృందం సోడియం ఫ్లోరైడ్‌ను మందుగా ఇచ్చి చూసింది. నాలుగేళ్లలో వెన్ను సాంద్రత 35 శాతం పెరిగింది, వెన్నుపూసలు విరగడం చెప్పుకోదగ్గంత తగ్గలేదు, మిగతా ఎముకలు విరగడం పెరిగింది. బోరు నీళ్లతో పెరిగిన స్త్రీకి మంచి స్కోరు వచ్చిందని ధైర్యం చెప్పే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

మందు, తిండి, బరువు

హార్మోన్ చికిత్స మీద ప్రపంచం రెండుసార్లు మనసు మార్చుకుంది. 2002లో అమెరికా మహిళా ఆరోగ్య అధ్యయనంలో రెండు హార్మోన్లు కలిపి ఇచ్చిన విభాగాన్ని రొమ్ము క్యాన్సర్, గుండె జబ్బుల భయంతో మధ్యలో ఆపేశారు. తుంటి విరగడం మూడో వంతు తగ్గిందన్న ఫలితం ఆ గోలలో మునిగిపోయింది. అందులోని స్త్రీల సగటు వయసు 63 ఏళ్లు. గర్భసంచి లేనివారికి ఒక్క ఈస్ట్రోజన్ ఇచ్చిన విభాగంలో పక్షవాతం ముప్పు పెరిగింది, రొమ్ము క్యాన్సర్ మాత్రం పెరగలేదు, దీర్ఘకాలంలో తగ్గింది కూడా. ఇప్పటి మార్గదర్శకాలు దాదాపు ఏకాభిప్రాయంతో చెప్పేదేమంటే, చిన్న వయసులోనే అండాశయాలు పోయిన స్త్రీకి, వేరే అడ్డంకి లేకుంటే, సహజంగా ముట్లుడిగే వయసు దాకా హార్మోన్ ఇవ్వాలి. 63 ఏళ్ల అమెరికన్ స్త్రీ మీద తేలిన భయాన్ని 36 ఏళ్లకు ఆపరేషనైన జగిత్యాల స్త్రీకి అంటగట్టడం సరికాదు.

కాల్షియం మాత్రల మీద కూడా ఇలాంటి పొరపాటే జరుగుతోంది. 2006లో అదే అమెరికా మహిళా ఆరోగ్య అధ్యయనం, 36,282 మందికి కాల్షియం, విటమిన్ డి ఇచ్చి, తుంటి విరగడం గణనీయంగా తగ్గలేదని, మూత్రపిండాల్లో రాళ్లు 17 శాతం పెరిగాయని చెప్పింది. కానీ ఆ స్త్రీలు అధ్యయనం ఇచ్చిన మాత్రలు కాకుండానే సగటున రోజుకు వెయ్యి మిల్లీగ్రాములకు పైగా తీసుకుంటున్నారు. 270 మిల్లీగ్రాములే అందే హైదరాబాద్ పేద స్త్రీకి ఆ ఫలితం ఎలా వర్తిస్తుంది? జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసు పెద్దలకు 1,000, ముట్లుడిగిన స్త్రీలకు 1,200 మిల్లీగ్రాములు. జొన్న రొట్టె, అన్నం రెండూ ఇందులో సాయపడవు, నూరు గ్రాముల జొన్నలో 30 మిల్లీగ్రాములు కూడా ఉండదు. రాగుల్లో 364 ఉంది, కానీ ఇక్కడి పళ్లెంలో రాగి వాడకం తక్కువ. నువ్వుల్లో 1,200 పైచిలుకు. జగిత్యాల పొలాస పరిశోధన కేంద్రం నువ్వు రకాలను రూపొందించే చోటు, సంక్రాంతి సకినాల్లో, బతుకమ్మ సద్దుల్లో నువ్వులు ఉండనే ఉన్నాయి. రోజూ 20 గ్రాములు తింటే 250 మిల్లీగ్రాములకు దగ్గరగా చేరుతుంది. పొట్టులోని ఆక్సలేట్ వల్ల అంతా ఒంటికి పట్టదు, అయినా పండగ తిండి రోజువారీ తిండి కావడం విలువైన మార్పే.

బరువులెత్తే వ్యాయామం మీద ఆస్ట్రేలియాలో 2017లో వచ్చిన లిఫ్ట్‌మోర్ పరీక్ష ఆశ పెంచింది. ఎముక పలచబడిన, ముట్లుడిగిన స్త్రీలు వారానికి రెండుసార్లు అరగంట చొప్పున ఎనిమిది నెలలు పర్యవేక్షణలో బరువులెత్తితే వెన్ను సాంద్రత 2.9 శాతం పెరిగింది, పోలిక బృందంలో 1.2 శాతం తగ్గింది. నడక గుండెకు మంచిదే గానీ ఎముకకు ఈ పని చేయదు. గుల్లతనం ముదిరినవారికి అలెండ్రోనేట్, జోలెడ్రోనిక్ ఆమ్లం లాంటి మందులు విరగడాన్ని తగ్గిస్తాయనడంలో పెద్ద వివాదం లేదు.

ఇంకా తేలనివి

మూడు వాదాలను పక్కపక్కన పెడితే హార్మోన్ వాదం నష్టం ఎప్పుడో చెబుతుంది, పోషణ వాదం నష్టం ఎంత నిల్వ మీద పడుతుందో చెబుతుంది, కండ వాదం ఆ ఎముక విరుగుతుందా లేదా అన్నది చెబుతుంది. ఇవి ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలు కావు. తేలాల్సింది వాటి మధ్య బరువు పంపకం. చిన్ననాటి లోటును నలభైల్లో తిండితో ఎంత పూడ్చగలం? పొగతాగే స్త్రీలకు ముట్లు ఏడాది రెండేళ్లు ముందే ఆగుతాయని తెలుసు, పొగాకు దుమ్ము మధ్య ఇరవై ఏళ్లు కూర్చున్న బీడీ కార్మికురాలికి ఏమవుతుంది? గర్భసంచి తీసి అండాశయాలు ఉంచిన స్త్రీకి ఎప్పటినుంచి పరీక్షలు మొదలుపెట్టాలి?

2023 మార్చి 8న కరీంనగర్‌లోనే అప్పటి ఆరోగ్యమంత్రి హరీశ్‌రావు ఆరోగ్య మహిళ కార్యక్రమాన్ని ప్రారంభించారు. మొదట వంద కేంద్రాల్లో, ప్రతి మంగళవారం స్త్రీలకు ప్రత్యేకంగా నడిచేలా దాన్ని రూపొందించారు. అందించాల్సిన సేవల్లో ముట్లుడిగే దశ సమస్యలనూ, బరువు నియంత్రణనూ చేర్చారు. అలాంటి మంగళవారం క్లినిక్‌లో వచ్చిన ప్రతి స్త్రీ దగ్గర నాలుగు సంగతులు రాసుకోవచ్చు: చివరి ముట్టు వయసు, ఆపరేషన్ అయితే ఏ ఏట, అండాశయాలు ఉన్నాయా, అప్పటినుంచి ఏ ఎముకైనా విరిగిందా. ఎత్తు, నడుం కొలత, పిడికిలి పట్టు కొలవడానికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. ఏటా అదే స్త్రీని మళ్లీ కొలిస్తే, పదేళ్లలో కోరుట్ల బీడీ కార్మికురాలి రేఖ, ఉట్నూరు గోండు స్త్రీ రేఖ, కరీంనగర్ గృహిణి రేఖ వేర్వేరుగా గీయడానికి వీలవుతుంది.